పొట్ట మీద బ్యాగుతో జీవించడం, తోటివారి తోడు వెతుక్కోవడం ఎలా?

పేగు క్యాన్సరు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు), పేగుకు రంధ్రం పడటం, రోడ్డు ప్రమాదం. కారణం ఏదైనా, ఆపరేషన్ తర్వాత పొట్ట మీద, మలమో మూత్రమో చేరే బ్యాగుతో ఇంటికి చేరినవారికి మొదటి నెలలు చాలా కష్టంగా గడుస్తాయి. ఆపరేషన్ సంగతి డాక్టరు చెబుతారు, బ్యాగు మార్చడం నర్సు చూపిస్తారు. ఆ తర్వాత పెళ్లిళ్లకు ఎలా వెళ్లాలో, రాత్రి ఎలా పడుకోవాలో చెప్పగలిగేది ఏళ్ల తరబడి బ్యాగుతో బతుకుతున్నవారే. అలాంటి మనిషిని వెతుక్కోవడం కూడా చికిత్సలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆసుపత్రి వదలకముందు

మీకు చేసినది ఏదో స్పష్టంగా అడిగి డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. పెద్దపేగును పొట్ట మీదికి తెస్తే కోలోస్టమీ, చిన్నపేగును తెస్తే ఇలియోస్టమీ, మూత్రానికి దారి చేస్తే యూరోస్టమీ. తిండి, మందులు, బ్యాగు రకం అన్నీ దీన్నిబట్టే ఉంటాయి. ఇలియోస్టమీ అయితే పాత మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. నెమ్మదిగా కరిగే మాత్రలు కొన్ని ఒంటికి పట్టకుండానే బయటికి వచ్చేస్తాయి.

కనీసం ఒక్కసారి నర్సు ఎదుట మీ చేత్తోనే బ్యాగు మార్చండి. మన ఇళ్లలో ఈ పని భార్య మీదో కోడలి మీదో పడిపోతుంది. వాళ్లు నేర్చుకోవడం మంచిదే. కానీ చేతులు ఆడే మనిషి తన పని తాను చేసుకోగలిగితే దిగులు సగం తగ్గుతుంది.

బ్యాగు మార్చడం

ఉదయం ఏమీ తినకముందు మార్చుకోండి, అప్పుడు పేగు కదలిక తక్కువగా ఉంటుంది. కొత్త బ్యాగు, కత్తెర, మెత్తని గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, పాత కాగితం, కవరు ముందే దగ్గర పెట్టుకోండి. పాత బ్యాగు ఖాళీ చేసి, ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టి, ప్లేటును (బ్యాగును చర్మానికి పట్టి ఉంచే జిగురు భాగాన్ని) పైనుంచి కిందికి మెల్లగా ఊడదీయండి. చుట్టూ నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. స్పిరిట్, డెట్టాల్ వద్దు. కొబ్బరినూనె అసలే వద్దు, జిడ్డు ఉంటే ప్లేటు అంటుకోదు.

పొట్ట మీద కనిపించే పేగు కొసను స్టోమా అంటారు. అది ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం వస్తే భయపడనక్కరలేదు. అయితే స్టోమాకు నొప్పి తెలియదు, గాయమైనా మనకు తెలియకపోవచ్చు. అందుకే రోజూ కంటితో చూసుకోవాలి. ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాల పాటు అది కుంచించుకుపోతూ ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వారం వారం కొలత తీసుకోండి. ప్లేటులో రంధ్రం స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. ఇంకా పెద్దగా కత్తిరిస్తే మలం చర్మానికి తగిలి పుండు పడుతుంది. ప్లేటు అంటించాక అరచేతిని కాసేపు దాని మీద ఆనించి ఉంచండి, ఆ వేడికి బాగా పట్టుకుంటుంది.

బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. బరువెక్కితే ప్లేటు లాగుతుంది. ప్లేటు కింద దురదో మంటో మొదలైతే లోపల కారుతున్నట్టే. పైన టేపు వేసి సరిపెట్టవద్దు, వెంటనే మార్చండి. మంచి బ్యాగు మూసి ఉన్నప్పుడు వాసన బయటికి రానివ్వదు, వాసన వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. వాడిన బ్యాగును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, టాయిలెట్‌లో వేయకూడదు.

తిండి, నీళ్లు

కోలోస్టమీ ఉన్నవారు కొన్ని వారాల్లో దాదాపు ఇంటి తిండికే వచ్చేయవచ్చు. ఇలియోస్టమీకి జాగ్రత్త ఎక్కువ కావాలి. పీచు ముద్దకట్టి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. మొక్కజొన్న, పచ్చికొబ్బరి, మునగకాయ, తేగలు మొదటి వారాల్లో పూర్తిగా మానేయండి. తర్వాత డాక్టరు సరేనంటే ఒక్కొక్కటీ కొద్దిగా, బాగా నమిలి చూడండి. విసర్జన మరీ పలచగా ఉంటే మెత్తటి అన్నం, అరటిపండు కొంత గట్టిపరుస్తాయి.

ఇలియోస్టమీలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్లు ఎంత తాగినా ఆ లోటు తీరదు, ఓఆర్ఎస్ కావాలి. మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. ఏకాదశైనా రంజానైనా, నీళ్లు కూడా ముట్టని ఉపవాసం డాక్టరును అడగకుండా చేయవద్దు.

బట్టలు, ప్రయాణం, గుడి

లుంగీ ముడి, లంగా బొందు స్టోమా మీద పడకుండా కాస్త పైకో కిందికో కట్టుకోండి. ప్రయాణంలో ముందే రంధ్రం కత్తిరించిన బ్యాగులు చేతి సంచిలో ఉండాలి. బ్యాగులను ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, వేడికి జిగురు పాడవుతుంది.

మడి, పూజల విషయంలో చాలామంది పైకి చెప్పకుండా కుమిలిపోతారు. ప్రతి మనిషి కడుపులో ఉన్నదే మీ బ్యాగులోనూ ఉంది, అదీ గట్టిగా మూసి ఉంది. స్నానం చేసి గుడికి వెళ్లండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

తోటివారిని వెతుక్కోవడం

1950లలో అమెరికాలో నార్మా గిల్ అనే మహిళ అల్సరేటివ్ కొలైటిస్‌తో ఇలియోస్టమీ చేయించుకున్నారు. కోలుకున్నాక తోటి రోగులకు సాయపడసాగారు. ఆమెకు ఆపరేషన్ చేసిన డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో ఆమెను క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఈ పనికే నియమించారు. ఈనాటి స్టోమా నర్సుల వృత్తికి ఆమెనే ఆద్యురాలిగా చెబుతారు. అంటే ఆ వృత్తే ఒక రోగి మరో రోగికి నేర్పడంతో మొదలైంది.

మీరు సర్జన్‌నో స్టోమా నర్సునో ఇలా అడగండి: "నా వయసువారు, నాలాంటి ఆపరేషన్ అయినవారు ఎవరైనా ఉన్నారా? వాళ్లకు ఇష్టమైతే నా ఫోను నంబరు ఇవ్వండి." వాళ్ల నంబరు అడిగితే ఇవ్వడానికి ఆసుపత్రి వెనకాడుతుంది, మీది ఇస్తే ఇబ్బంది లేదు. క్యాన్సర్ ఆసుపత్రిలో తిరిగి చూపించుకోవడానికి వెళ్లిన రోజు కాస్త ముందుగా వెళ్లి కూర్చోండి, అలాంటివారు అక్కడే కలుస్తారు. ఇలాంటి ఆపరేషన్లన్నిటినీ కలిపి ఆస్టమీ అంటారు. ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది. అమెరికాలోని తెలుగువారికి యునైటెడ్ ఆస్టమీ అసోసియేషన్స్ ఆఫ్ అమెరికా కింద స్థానిక బృందాలున్నాయి. అక్టోబరు మొదటి శనివారం ప్రపంచ ఆస్టమీ దినం, ఆ రోజుల్లో మీ ఆసుపత్రిలో సమావేశం ఏదైనా ఉందేమో కనుక్కోండి.

కలిసినప్పుడు మర్యాద ప్రశ్నలతో ఆగిపోవద్దు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఆఫీసులో ఎవరికి చెప్పారు, బ్యాగులు ఎక్కడ చవకగా దొరుకుతాయి, దాంపత్యం మళ్లీ ఎప్పుడు మొదలైంది అని అడగండి. డాక్టరు గదిలో నోరు పెగలని ప్రశ్నలు ఇక్కడ తేలిగ్గా వస్తాయి. అయితే ఒకరి మందు మరొకరు వాడకండి. స్టోమా నల్లబడినా, ఊదారంగుకు తిరిగినా, ఇలియోస్టమీ నుంచి కొన్ని గంటలు ఏమీ రాక కడుపునొప్పి, వాంతులు మొదలైనా, రోజుకు 1.5 లీటర్లకు మించి నీళ్లలా పోతున్నా తోటివారికి కాదు, ఆసుపత్రికి ఫోను చేయాలి.