ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని నాటకం గురించి ఇలా అడగండి

మాది విజయవాడ. ఇరవై ఏళ్లుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. కార్పొరేటర్ అభ్యర్థి గుమ్మంలోకి వస్తే "కళలంటే ఇష్టమేనా?" అని అడక్కండి, కాదని ఎవరూ అనరు. మేం నాటకాలాడే హాలు తుమ్మలపల్లి కళాక్షేత్రం నగరపాలక సంస్థదే, అక్కడ మొదలెట్టండి. నాటక సమాజాలకు అద్దె తగ్గించమని కౌన్సిల్‌లో మాట్లాడతారా? ప్రదర్శనకు ముందురోజు రిహార్సల్‌కు స్టేజీ ఇప్పిస్తారా? మన డివిజన్ కమ్యూనిటీ హాలు సాయంత్రాలు మాకిస్తారా? (ఘంటసాల సంగీత కళాశాల రాష్ట్ర ప్రభుత్వానిది, దాని గురించిన ప్రశ్నలు ఎమ్మెల్యే అభ్యర్థికి దాచండి.)

జవాబు అక్కడే నోట్‌బుక్‌లో రాసి, తేదీ వేసి, చదివి వినిపించండి. పోయినసారి ఒకాయన "చూద్దాంలే అన్నా" అన్నాడు. అదే రాసి చదివాను. ఆయన కాసేపు ఆగి, నా పెన్ను తీసుకుని "అద్దె సగం" అని తనే రాశాడు. 64 మంది ఉండే కౌన్సిల్లో ఒక్కరి మాట చాలదు, పక్క డివిజన్లలోని మిత్రులతోనూ ఇవే అడిగించండి.