సౌండ్‌బాక్స్ రబ్బరు దొరక్కపోతే

మా తాతగారి హెచ్‌ఎంవీ 101 గ్రామఫోన్‌లో పాట మొదలవగానే జరజరమని మోత. స్ప్రింగు బాగానే ఉంది. లోపం సౌండ్‌బాక్స్‌లో, అంటే ముల్లు కదలికను శబ్దంగా మార్చే గుండ్రటి భాగంలో. ఇందులో ఉన్నది నాలుగో నంబరు రకం. అందులో పల్చటి అభ్రకం బిళ్లను అటూ ఇటూ సన్నటి రబ్బరు గొట్టాలు పట్టి ఉంచుతాయి. వయసు మీదపడి అవి ముట్టుకుంటే పెళపెళమని విరిగిపోయాయి.

విశాఖ పూర్ణామార్కెట్ చుట్టుపక్కల పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను, దొరకలేదు. చివరికి ఒక సైకిల్ షాపాయన "ఈ వాల్వ్ ట్యూబ్ చూడండి బాబూ" అని చేతిలో పెట్టారు. సరిగ్గా సరిపోయింది!

బ్లేడుతో కోసి, కొసలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా, మధ్యలో సందు రాకుండా కలిపాను. అసలు పని ఇదే, తొందరపడొద్దు. స్క్రూలు మరీ బిగించకండి, అభ్రకం కదలాలి. కీ ఇచ్చి, కొత్త ముల్లు పెడితే గొంతు ఎంత స్పష్టంగా వచ్చిందో! స్టీలు ముల్లు మాత్రం రికార్డు ప్రతి వైపుకీ మార్చండి, లేకపోతే గాళ్లు అరిగిపోతాయి.