పనిచోట మనిషి పడిపోతే బయటికి తెచ్చేదెవరు? లోపాలు, కారణాలు, సవరణలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, వాడపల్లి సిమెంటు కర్మాగారాల్లో, పోలేపల్లి మందుల కంపెనీల్లో ప్రమాదం జరగకుండా చూసే ఏర్పాట్లు ఎంతోకొంత కనిపిస్తాయి. జరిగాక ఏం చేస్తారని అడిగితే మాత్రం చాలాచోట్ల "108కి ఫోన్ చేస్తాం" అన్న ఒక్క జవాబే వస్తుంది. అది ప్రణాళిక కాదు. ఊపిరి, గుండె ఆగిన మనిషి మెదడు దెబ్బతినడానికి 4 నుంచి 6 నిమిషాలు చాలు. మండల కేంద్రం నుంచి ఏ బండీ అంత త్వరగా రాలేదు. తొలి నిమిషాల్లో మనిషిని బయటికి తెచ్చే శక్తి పనిచోటే ఉండాలి. అది లేదని చెప్పే గుర్తులు ప్రమాదానికి ముందే కనిపిస్తాయి. ప్రతి గుర్తు వెనక కారణమేమిటో, దాన్ని ఎలా సరిచేయాలో ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: లోపలి మనిషి పలకడు, పైనున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగుతారు

సంపు, సెప్టిక్ ట్యాంకు, మురుగునీటి శుద్ధి ట్యాంకు, రియాక్టర్, పూడిక తీసే పాత బావి: ఎక్కడైనా ఇదే వరస. మొదటివాడు కూలిపోతాడు. అన్నో బావమరిదో ఆగలేక దిగుతాడు, అతడూ లేవడు. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లోనే రాసింది. నలభై ఏళ్ల కిందటి ఆ మాట మన ఊళ్లలో ఇంకా నిజమవుతూనే ఉండటం చూస్తే గుండె మండుతుంది.

కారణం గాలిలో ఉంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 19.5 కన్నా తగ్గితే లోపలికి వెళ్లకూడదు. 10 శాతానికి దిగువన ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది. కానీ అది 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దగ్గరికి చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియదు. "వాసన పోయింది, ఇక దిగవచ్చు" అనుకోవడం అందుకే ప్రాణాంతకం. బావిలోకి దించి నడిపే డీజిల్ ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. దీపం దించి చూసే పాత పద్ధతి ఈ విషవాయువులను పట్టుకోలేదు. మండే వాయువు ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది.

పరిష్కారంలో మొదటి మెట్టు కొలవడం. ఆక్సిజన్, మండే వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ నాలుగింటినీ చూపే డిటెక్టర్‌ను తాడుతో దించి పైన, మధ్యన, అడుగున విడివిడిగా చూడాలి. పని నడుస్తున్నంతసేపూ అది లోపలి మనిషి ఒంటిమీదే ఉండాలి, ఎందుకంటే బురద కదిపినప్పుడే వాయువు లేస్తుంది. గాలి కోసం బ్లోయర్ వాడాలి. వెల్డింగ్ సిలిండర్ తెచ్చి ఆక్సిజన్ వదలడం కొన్నిచోట్ల అలవాటు. ఆ ట్యాంకులో ఒక్క నిప్పురవ్వ పడితే బట్టలు, జుట్టు కూడా భగ్గుమంటాయి.

రెండో మెట్టు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎవరూ దిగకుండానే మనిషిని పైకి తీయగలగాలి. దిగేవాడు ముందే హార్నెస్ (భుజాలు, తొడలు పట్టి ఉంచే పట్టీల జీను) కట్టుకుని, దాని వీపు రింగుకు తాడు తగిలించుకోవాలి. ఆ తాడు పైన ట్రైపాడ్‌కున్న (మూడు కాళ్ల స్టాండు) విన్చ్‌కు (చేత్తో తిప్పే తాడు చక్రం) చుట్టి ఉండాలి. స్పృహ లేని 70 కిలోల మనిషిని ఇరుకు మ్యాన్‌హోల్ గుండా వట్టి చేతులతో లాగడం నలుగురికీ కష్టమే. విన్చ్ ఉంటే ఒక్కరు తిప్పినా చాలు. నడుముకు కట్టే బెల్టు ఇందుకు పనికిరాదు, మనిషి రెండుగా మడతపడి మ్యాన్‌హోల్‌లో ఇరుక్కుంటాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ బయటి నుంచి లాగే తాడు ఉండాలని అప్పుడే చెప్పింది: లోపల వాయువు లేదని అర్హుడు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేదా శ్వాస పరికరం పెట్టుకుని బెల్టు కట్టుకుని దిగాలి, ఆ బెల్టు తాడు కొస బయటి మనిషి చేతిలో ఉండాలి.

ఆ బయటి మనిషికి వేరే పని చెప్పకూడదు. టీ తేవడానికైనా, పార అందించడానికైనా అతడు కదిలితే లోపలి పని ఆగాలి. ఇంకెవరూ దిగకుండా ఆపే అధికారం అతడిదే, మేస్త్రీ ఎంత అరిచినా సరే. ఆ సంగతి పర్మిట్ (లోపలికి దిగడానికి రాసిచ్చే అనుమతి) మీద రాసి, పని మొదలయ్యే ముందు అందరి ఎదుటా చెప్పాలి. దుఃఖంలో ఉన్న అన్నను ఆపడానికి అంతకన్నా తక్కువ ఏర్పాటు చాలదు.

లక్షణం: పడిపోకుండా ఆగాడు, కానీ గాలిలో వేలాడుతున్నాడు

చిమ్నీ, పరంజా, పంప్‌హౌస్ గోడ మీద హార్నెస్ తన పని చేసింది. ఇక్కడితో ప్రాణం దక్కిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు; అరగంట లోపే ప్రాణం పోవచ్చు. హార్నెస్ కొన్నవాళ్లు దించే సామాను కొనకపోవడమే దీనికి కారణం. పాదాలు ఆన్చుకునే పట్టీలు ప్రతి హార్నెస్‌కూ తగిలించండి, ఖర్చు చాలా తక్కువ. దించే తాడు, కప్పీ ఆ ఎత్తు దగ్గరే ఉంచండి. క్రేన్‌తో దించుతామని రాసుకుంటే, పైన పని జరుగుతున్నంతసేపూ క్రేన్, దాని ఆపరేటర్ అక్కడే ఉండాలి.

లక్షణం: ధాన్యం బిన్‌లో మనిషి నడుము దాకా కూరుకుపోయాడు

బిన్ అంటే ధాన్యం నిల్వ చేసే పెద్ద తొట్టి. అడుగున ధాన్యాన్ని బయటికి మోసే కన్వేయర్ నడుస్తుండగా పైన గడ్డకట్టిన ధాన్యాన్ని పొడవడానికి దిగితే ఇలా జరుగుతుంది. చంకల కింద తాడు వేసి గుంజితే ధాన్యం వదలదు, వెన్నెముక దెబ్బతింటుంది. ముందు కన్వేయర్ ఆపి, స్విచ్‌కు తాళం వేయండి. మనిషి చుట్టూ ప్లైవుడ్ ముక్కలో రేకులో నిలబెట్టి, ఆ చట్రం లోపలి ధాన్యాన్ని డబ్బాలతో తోడి బయట పోయండి. అతని మీద బరువు తగ్గాకే పైకి తీయాలి. ఆ ముక్కలు కోసి, బిన్ దగ్గర వేలాడదీసి ఉంచడానికి వడ్రంగికి ఒక పూట పని. వరి సీజన్ రాకముందే చేయించండి.

లక్షణం: లోపల ఎంతమంది ఉన్నారో ఎవరూ గట్టిగా చెప్పలేరు

హాజరు పట్టీ కాంట్రాక్టర్ దగ్గర, పర్మిట్ ఆఫీసులో, మనుషులు సొరంగంలో ఉంటారు. ద్వారం దగ్గర టోకెన్ బోర్డు పెట్టండి: లోపలికి వెళ్లేవారు తమ టోకెన్ తగిలించాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. ఇంజినీరైనా, చూడటానికి వచ్చిన అధికారైనా మినహాయింపు ఉండకూడదు. జార్ఖండ్, బిహార్, ఒడిశా కూలీలు పనిచేసేచోట హెచ్చరికలు హిందీలోనూ చెప్పాలి. తెలుగులో "బయటికి రండి" అని ఎంత అరిచినా అర్థంకాని మనిషికి అది ఉపయోగపడదు.

లక్షణం: వెళ్లే దారి ఒక్కటే, అదే మూసుకుపోయింది

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు రేగి 9 మంది చనిపోయారు. దట్టమైన పొగ కాపాడేవారినీ ఆపింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అంటే ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి 8 మంది చిక్కుకున్నారు. సైన్యం, జాతీయ విపత్తు దళం, సింగరేణి రక్షణ బృందాలు, ఇరుకు దారులను చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ నుంచి జాగిలాలు వచ్చినా నీరు, బురద, విరిగిన తవ్వకపు యంత్రం దాటి అంత దూరం వెళ్లడమే పెద్ద పోరాటమైంది. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండటంతో మధ్యలో పక్కదారులు తవ్వలేదు. ఆ షరతు డిజైన్ నాడే తెలుసు. పక్కదారి లేదని తెలిసినచోట అందుకు బదులేమిటో అదే రోజు కాగితం మీదికి రావాలి: గాలి, నీరు, ఫోను ఉన్న ఆశ్రయ గది యంత్రం వెంటే కదలాలి, ప్రతి ఒక్కరి నడుముకూ పొగలో ఊపిరినిచ్చే సెల్ఫ్ రెస్క్యూయర్ ఉండాలి, ముందున్న రాతి పరిస్థితిని రంధ్రం వేసి చూడాలి, నీటి ఊట ఇంతకు మించితే మనుషులు వెనక్కి రావాలనే హద్దు రాసి ఉండాలి. ఆ హద్దు దాటినప్పుడు పని ఆపే అధికారం షిఫ్ట్ ఇంజినీర్‌కు ఉండాలి, హైదరాబాద్ నుంచి అనుమతి కోసం చూడకూడదు.

లక్షణం: అంబులెన్స్ వచ్చింది, గేటు దొరకలేదు

పెద్ద ప్రాంగణానికి నాలుగు గేట్లుంటాయి. ఫోన్ చేసినవాడికి ఊరి పేరు తప్ప ఏమీ తెలియదు. ఏ గేటుకు రావాలో, రోడ్డు మీద గుర్తేమిటో రాసిన కాగితం ప్రతి ఫోన్ పక్కనా అంటించండి. ఒకరు రోడ్డెక్కి ఎదురుచూడాలి. నల్లమలలో సిగ్నల్ అందని చోట్ల వైర్‌లెస్ సెట్ తప్పదు. మీరు వాడే రసాయనాల పేర్లు, వాటి చికిత్స దగ్గరి ఆసుపత్రికి ముందే రాసి ఇవ్వండి. ఆ విషానికి విరుగుడు వాళ్ల దగ్గర ఉందో లేదో ఆ ఉత్తరంతోనే తేలుతుంది.

లక్షణం: సామాను ఉంది, డ్రిల్ (ప్రమాద అభ్యాసం) రిజిస్టర్ నిండా సంతకాలున్నాయి, అయినా ఎవరికీ చేతకాలేదు

ట్రైపాడ్ స్టోర్‌లో, తాళంచెవి స్టోర్ కీపర్ జేబులో, స్టోర్ కీపర్ ఇంట్లో. డ్రిల్ అంటే సైరన్ మోగించి, మైదానంలో నిలబడి ఫోటో దిగడం. దానికి బదులు రాత్రి షిఫ్టులో, చెప్పకుండా, మనిషంత బరువున్న ఇసుక బస్తాల బొమ్మను నిజమైన ట్యాంకులో దించి పైకి తీయించండి. కేక వేసిన క్షణం నుంచి బొమ్మ బయట పడేదాకా గడియారం పెట్టి నిమిషాలు రాయండి. ఆరు దాటితే ఆ ట్యాంకుకు మళ్లీ పర్మిట్ ఇవ్వకండి. ఆలస్యం తాళం దగ్గర జరిగిందా, విన్చ్ దగ్గరా, మనుషుల దగ్గరా అన్నది సరిచేసి, వారంలోపు అదే షిఫ్టుతో మళ్లీ తీయించండి.