పెరటి తోటను మార్చే ముందు నీటి పరీక్ష

వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో పాత పెరటి తోటను కొత్తగా తీర్చిదిద్దాలనుకునేవారు, మొక్కలు కొనడానికి ముందే అడుగు లోతు గుంత తవ్వి, నీటితో నింపి, అది ఇంకిన తరువాత మరోసారి నింపి చూడాలి. రెండోసారి పోసిన నీరు మరునాటికీ నిలిచి ఉంటే, అడుగున నల్లరేగడి గానీ, ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు పెళ్లలు గానీ ఉన్నాయేమో పరిశీలించాలి. పెళ్లలను, ఎంత శ్రమైనా సరే, ఏరివేయించండి. వాటిలోని సున్నం నేల క్షారగుణాన్ని పెంచి మొక్కకు ఇనుము అందకుండా చేస్తుంది కనుక, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి లేత ఆకులు పసుపుబారుతాయి. రేగడి అయితే బాగా చివికిన పశువుల ఎరువును ఎర్రమట్టితో కలిపి, మడులను అడుగు ఎత్తున పోయడం మేలు. మట్టిపనిని ఎండాకాలంలోనే ముగించి, జామ, కరివేపాకు వంటి వాటిని మాత్రం మృగశిర కార్తె వానలకు నేల తడిసిన తరువాతే నాటండి.