టెక్సస్‌లో భూసేకరణ అధికారం ఉన్న సంస్థ ఏటా ఇవ్వాల్సిన రిపోర్టు ఎలా నింపాలి?

యజమాని ఒప్పుకోకపోయినా పరిహారమిచ్చి ఆస్తి తీసుకునే అధికారం టెక్సస్‌లో ఎవరికున్నా, ఏటా ఫిబ్రవరి 1లోపు రాష్ట్ర కంప్ట్రోలర్‌కి (రాష్ట్ర ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి) ఆన్‌లైన్‌లో వివరాలివ్వాలి. నగరాలు, స్కూల్ డిస్ట్రిక్టులు, పైపులైన్ కంపెనీలు, హ్యూస్టన్ శివార్లలో మనవాళ్లు ‘మడ్ (MUD) టాక్స్’ కట్టే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టులు (నీళ్లు, డ్రైనేజీ లాంటివి చూసే స్థానిక సంస్థలు), అన్నీ ఇందులోకొస్తాయి. 2015లో వచ్చిన చట్టం ఇది.

1. ముందు పాత ఫైలు తీయండి. అంతకుముందు వచ్చిన చట్టం ప్రకారం, 2012 డిసెంబర్ 31 కంటే ముందు ఏర్పడిన సంస్థలు తమకు ఈ అధికారముందని ఆ తేదీలోగా కంప్ట్రోలర్‌కి లేఖ పంపాల్సి ఉండేది. పంపనివాటి అధికారం 2013 సెప్టెంబర్ 1న రద్దయిపోయింది. ఆ లేఖ ప్రతి చేతిలో లేకుండా ఫారం మొదలుపెట్టొద్దు.

2. అధికారం ఏ సెక్షన్ కింద వచ్చిందో రాసుకోండి. నీటి డిస్ట్రిక్టుకైతే వాటర్ కోడ్ 49.222, నగరానికి లోకల్ గవర్నమెంట్ కోడ్ 251.001, స్కూల్ డిస్ట్రిక్టుకి ఎడ్యుకేషన్ కోడ్ 11.155. డిస్ట్రిక్టు కోసం ప్రత్యేకంగా చేసిన చట్టముంటే అదీ చదవాలి. 2010 నుంచి కొత్తగా ఈ అధికారమివ్వాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. అన్ని ఓట్లు పడకపోతే అధికారం రాదు, అందుకే కొన్ని డిస్ట్రిక్టుల చట్టంలో ‘ఈ అధికారం వాడరాదు’ అనే వాక్యం కనిపిస్తుంది. పక్క డిస్ట్రిక్టు రిపోర్టు చూసి కాపీ కొడితే దెబ్బతినేది ఇక్కడే.

3. పేరు, చిరునామా, ప్రజలు సంప్రదించాల్సిన వ్యక్తి, సంస్థ రకం, టాక్స్‌పేయర్ నంబరు, వెబ్‌సైటు నింపండి. ఇందులో పెద్ద పనేం లేదు. అధికారం మొట్టమొదట వచ్చిన తేదీ దగ్గర మాత్రం ఆగండి: అడిగేది చట్టం అధికారమిచ్చిన రోజు, దాన్ని తొలిసారి వాడిన రోజు కాదు.

4. ‘గత ఏడాది అధికారం వాడారా?’ ఎక్కువమంది తడబడే ప్రశ్న ఇదే. ప్రాపర్టీ కోడ్ 21.012 కింద కోర్టులో పిటిషన్ వేస్తేనే వాడినట్టు లెక్క. కాలువ కోసం ఆరు ఈజ్‌మెంట్లు (వేరేవాళ్ల భూమిని వాడుకునే హక్కులు) మాట్లాడుకుని కొన్నారనుకోండి, జవాబు ‘లేదు’. ఏడో యజమాని కుదరదంటే డిసెంబర్ 29న పిటిషన్ వేశారు, విచారణ మార్చిలో జరిగింది. పిటిషన్ వేసిన ఏడాదికి జవాబు ‘అవును’. ఇక్కడ ఏడాదంటే జనవరి నుంచి డిసెంబర్. మీ ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్‌తో ముగిసినా సరే, లాయరు దగ్గర పిటిషన్ల జాబితా క్యాలెండర్ ఏడాదికే అడగండి.

5. సబ్మిట్ చేశాక వచ్చిన ధ్రువీకరణ ప్రింటు తీసి బోర్డు మినిట్స్‌తో పెట్టండి. ఏమీ మారకపోయినా మళ్లీ ఏడాది ఇవ్వాల్సిందే. అధికారం వివరాలు మధ్యలో మారితే 90 రోజుల్లో తెలపాలి.

గడువు దాటితే కంప్ట్రోలర్ నోటీసిస్తారు. నోటీసు ఇచ్చాక 30 రోజుల్లోనూ రిపోర్టు ఇవ్వకపోతే 1,000 డాలర్ల జరిమానా. నోటీసు రాజీనామా చేసిన పాత మేనేజర్ చిరునామాకి వెళ్లొచ్చు, ఫారంలో చిరునామా గడి ముందు సరిచూడండి. ప్రత్యేక ప్రయోజన డిస్ట్రిక్టుల డేటాబేస్‌కిచ్చే రిపోర్టు వేరు, అదిచ్చినంత మాత్రాన ఇది ఇచ్చినట్టు కాదు.