అట్ట ఎత్తకుండానే: పరమాణు నిర్మాణం ఎలా తెలిసిందో ఇంట్లో పిల్లలచేత చేయించే విధానం

చెన్నైలో తొమ్మిదో తరగతి చదివే పిల్లలను పరమాణువు బొమ్మ గీయమంటే, మధ్యలో కేంద్రకం, చుట్టూ వలయాలు, వాటిమీద ఎలక్ట్రాన్లు నిమిషంలో గీసి చూపిస్తారు. కంటికి కనిపించని వస్తువులో కేంద్రకం ఉందని ఎలా తెలిసిందని అడిగితే మాత్రం, పుస్తకంలో ఉందన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఈ లోటు తీర్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, హాల్లో ఒక టైల్ మేర ఖాళీ, రెండు డజన్ల గోళీలు ఉంటే సరిపోతుంది. అట్ట కింద ఒక వస్తువును దాచి, గోళీలు దొర్లించి దాని సంగతి కనుక్కోవడమే ఈ ఆట. కాకపోతే ఒక నియమాన్ని పెద్దలు గట్టిగా పాటించాలి. అట్ట కింద ఏం దాచారో చివరిదాకా, పిల్లలు ఎంత బతిమాలినా, ఎత్తి చూపించకూడదు. శాస్త్రజ్ఞులకు పరమాణువు మీది మూత తీసి చూసే వీలు లేదు. వారు లెక్కపెట్టి తెలుసుకున్నారు. పిల్లలకు అందవలసింది ఆ లెక్కపెట్టే ఓపిక, దాని నుంచి వచ్చే నమ్మకం.

ముందుగా సామగ్రి చూద్దాం. ఒకే పరిమాణంలో ఉన్న చిన్న గోళీలు ఇరవై నాలుగు, కొంచెం పెద్ద గోళీలు నాలుగు కావాలి. పేటలోని బొమ్మల దుకాణంలో దొరకకపోతే పారీస్ కార్నర్ చుట్టుపక్కల టోకు దుకాణాలలో అడగవచ్చు. సరుకులు వచ్చిన పెద్ద అట్టపెట్టెను విప్పితే పైకప్పుకు సరిపడే అట్ట వస్తుంది. కరెంటు వైర్లు దాచడానికి గోడకు బిగించే ప్లాస్టిక్ పట్టీ అడుగు పొడవు ముక్క ఒకటి ఉంటే గోళీని జార్చడానికి చక్కని వాలు అవుతుంది. రెండువైపులా అంటుకునే టేపు, పాత పుస్తకాలు, చార్టు కాగితం, కొలటేపు దగ్గర పెట్టుకోవాలి. ఇళ్ళలో ఎక్కువగా పరుస్తున్న రెండడుగుల టైల్ అంచు దాదాపు 60 సెంటీమీటర్లు ఉంటుంది గనుక దానినే మన క్షేత్రంగా తీసుకుందాం, అయినా ఒకసారి కొలిచి రాసుకోండి. బాల్కనీ వద్దు, అక్కడ నేల తూము వైపు వాలుగా ఉంటుంది. హాల్లో కూడా ఒక గోళీని నేలమీద వదిలి, అది తనంతట తాను దొర్లిపోవడం లేదని చూసుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి.

గోళీలు తీయకముందు పిల్లలకు ఒక విషయం చెప్పాలి. 1897లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్, గాలి దాదాపుగా తీసేసిన గాజుగొట్టంలో ఋణధ్రువం నుంచి ప్రసరించే కాథోడ్ కిరణాలను విద్యుత్ క్షేత్రంతోనూ అయస్కాంతంతోనూ వంచి, వాటిలోని కణాల ద్రవ్యరాశికీ ఆవేశానికీ గల నిష్పత్తిని కొలిచాడు. గొట్టంలో ఏ వాయువు మిగిలినా, లోహపు పలకలు ఏవైనా అదే నిష్పత్తి వచ్చింది. అంటే అన్ని పదార్థాలలోనూ ఉండే ఒకే కణం, ఋణావేశం గలది, హైడ్రోజన్ పరమాణువు కంటే ఎంతో తేలికైనది. అదే ఎలక్ట్రాన్. నేటి కొలత ప్రకారం హైడ్రోజన్ కేంద్రకమైన ప్రోటాన్‌లో 1,836వ వంతు. పరమాణువుకు మొత్తంమీద ఆవేశం లేదు కాబట్టి దానికి సరితూగే ధనావేశం లోపల ఎక్కడో ఉండాలి. అది పరమాణువంతా పలచగా పరుచుకుని ఉందని థామ్సన్ భావించాడు. ఇక్కడ ఆగి పిల్లలను అడగండి: ధనావేశం అంతటా పరుచుకుందో, ఒకచోట ముద్దగా ఉందో తేల్చడానికి మీరైతే ఏం చేస్తారు? వెంటనే జవాబు రాకపోయినా తొందరపడి చెప్పకండి, ఆ ప్రశ్నతోనే గోళీల దగ్గరకు రానివ్వండి.

మొదటి పని ఆకారం కనుక్కోవడం. పిల్లలను గదిలోంచి పంపి, గుండ్రని స్టీలు డబ్బా గానీ చదరపు చెక్కముక్క గానీ టైల్ మధ్యలో టేపుతో అతికించి, దానిమీద అట్ట కప్పండి. అట్టను ఇరుపక్కలా పుస్తకాలమీద నిలిపి, కింద గోళీ దూరేంత ఖాళీ మాత్రమే వదలండి. అట్టమీద చార్టు కాగితం పరవండి. ఇప్పుడు పిల్లలు వేర్వేరు చోట్ల నుంచి గోళీలను దొర్లిస్తూ, ప్రతి గోళీ ఎక్కడ లోపలికి పోయిందో, ఎక్కడ బయటికి వచ్చిందో కాగితంమీద గీతలు గీయాలి. చదునైన అంచు తగిలితే, పక్కపక్కనే పంపిన గోళీలు ఒకే దిక్కుకు తిరిగి సమాంతరంగా బయటపడతాయి. గుండ్రని అంచు తగిలితే, గోళీని వేలెడు పక్కకు జరిపినా అది బయటపడే దిక్కు ఎంతో మారిపోతుంది. ఇరవై, ముప్పై గీతలు పడేసరికి కాగితం మధ్యలో గీతలు దూరని ఖాళీ ఒకటి తేలుతుంది, అదే లోపలి వస్తువు. పిల్లలు దాని చుట్టూ గీత గీసి, కొలత వేసి, తేదీ రాయాలి. సరైనదా కాదా అని అడుగుతారు. మరో పది గోళీలు దొర్లించి సరిచూసుకోమనడమే జవాబు.

అసలు ప్రయోగం రెండవది, దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. ఆరు చిన్న గోళీలను టైల్‌మీద అక్కడక్కడ అతికించండి. ముందునుంచి చూసినప్పుడు ఒకదాని వెనుక ఒకటి దాగకుండా అడ్డంగా కనీసం నాలుగు సెంటీమీటర్ల ఎడం, అంచుల నుంచి రెండు సెంటీమీటర్ల దూరం ఉండాలి. అవి కదలకుండా గట్టిగా అంటుకోవడం ముఖ్యం, ఎందుకంటే తరువాత చెప్పబోయే మాంచెస్టర్ ప్రయోగంలో బంగారు రేకుమీదికి ఆల్ఫా కణాలను, అంటే రేడియోధార్మిక పదార్థాల నుంచి వేగంగా వెలువడే ధనావేశ కణాలను పంపారు; బంగారు కేంద్రకం ఆల్ఫా కణం కంటే దాదాపు 49 రెట్లు బరువైనది, ఢీకొన్నా పెద్దగా కదలదు. అట్ట కప్పిన తరువాత ఒకటి నుంచి 60 వరకు అంకెలు రాసిన చీటీలను గిన్నెలో వేసి, ఒక చీటీ తీసి, టైల్ అంచుమీద ఆ సెంటీమీటరు దగ్గర పట్టీని ఆనించి, ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి గోళీని వదలాలి. చీటీని మళ్ళీ గిన్నెలో వేసేయాలి. చీటీలు లేకపోతే తెలియకుండానే చేయి తగిలే చోటికే పోతుంది, లెక్క చెడుతుంది. తిన్నగా బయటికి వస్తే సున్నా, పక్కకు తిరిగినా వెనక్కి వచ్చినా ఒకటి. ఒక గోళీ రెండింటికి తగిలినా ఒక్కటిగానే లెక్క. కనీసం వంద సార్లు చేయాలి. ఒకరు వదలడం, ఒకరు చూడడం, ఒకరు రాయడం అని పనులు పంచుకుని, పాతిక సార్లకు ఒకసారి మారితే విసుగు పుట్టదు.

ఇప్పుడు లెక్క. రెండు గోళీల కేంద్రాల మధ్య అడ్డదూరం ఒక వ్యాసం కంటే తక్కువైతే అవి తగులుతాయి, కాబట్టి దాచిన ప్రతి గోళీ తన వ్యాసానికి రెట్టింపు వెడల్పును అడ్డుకుంటుంది. ఆరు గోళీలు కలిసి పన్నెండు వ్యాసాల వెడల్పును అడ్డుకుంటాయి. తగిలినవాటి సంఖ్యను మొత్తంతో భాగించి, 60తో హెచ్చించి, పన్నెండుతో భాగిస్తే దాచిన గోళీ వ్యాసం వస్తుంది. ఉదాహరణకు వందలో 31 తగిలితే జవాబు 1.55 సెంటీమీటర్లు. పిల్లల చేతిలో ఉన్న గోళీని స్కేలుతో కొలిస్తే 1.6 దగ్గర ఉండవచ్చు. ఎవరూ చూడని వస్తువు కొలత చేతిలోని కొలతతో అంత దగ్గరగా రావడం చూసినప్పుడు పిల్లల ముఖాల్లో కలిగే మార్పు ఈ మొత్తం శ్రమకు ఫలితమని నా అభిప్రాయం. తేడా ఎక్కువగా వస్తే ఇంకా దొర్లించమనండి. ప్రయత్నాలు నాలుగు రెట్లయితే యాదృచ్ఛికంగా వచ్చే తేడా శాతం సుమారు సగానికి తగ్గుతుంది.

ఈ లెక్క పూర్తయ్యాకే మాంచెస్టర్ కథ చెప్పాలి, ముందు చెబితే పిల్లలు జవాబు కోసం ఆడతారు. 1909లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ పర్యవేక్షణలో హాన్స్ గైగర్, అప్పటికి ఇరవై ఏళ్ళ విద్యార్థి అయిన ఎర్నెస్ట్ మార్స్‌డెన్, లోహపు రేకులమీదికి ఆల్ఫా కణాలను పంపి, వెనక్కి తిరిగి వచ్చేవి ఉన్నాయేమో చూశారు. కణం తగిలినప్పుడు జింక్ సల్ఫైడ్ పూసిన తెరమీద చిన్న మెరుపు కలుగుతుంది. చీకటి గదిలో కూర్చుని, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక, సూక్ష్మదర్శినిలోంచి ఆ మెరుపులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ప్లాటినం రేకు నుంచి సుమారు 8,000 కణాలలో ఒకటి వెనక్కి వచ్చింది. 1911లో రూథర్‌ఫర్డ్ ప్రచురించిన వ్యాసంలో ఇచ్చిన లెక్క మరింత స్పష్టమైనది: 0.00004 సెంటీమీటరు మందం గల బంగారు రేకును దాటేటప్పుడు కణాలలో అన్నిటికంటే తరచుగా కనిపించే వంపు ఒక డిగ్రీలోపే, 0.87 డిగ్రీ; అయినా సుమారు 20,000లో ఒకటి 90 డిగ్రీల మేర తిరిగింది. చిన్న చిన్న వంపులు ఎన్ని కలిసినా అంత పెద్ద మలుపు రావడానికి ఉన్న అవకాశం లెక్కలోకి రానంత స్వల్పం. కాబట్టి ఆ మలుపు ఒక్క ఢీతోనే రావాలి, అందుకు ఆవేశమంతా అతి చిన్న చోట పోగై ఉండాలి. 1913లో గైగర్, మార్స్‌డెన్ వేర్వేరు కోణాల దగ్గర, వేర్వేరు మందాలతో, వేగాలతో లక్షకు పైగా మెరుపులు లెక్కపెట్టి, ఈ ఊహ నుంచి రూథర్‌ఫర్డ్ రాబట్టిన సూత్రాన్ని పరీక్షించారు. అది నిలిచింది.

గోళీల ఆట ఎక్కడ నిజానికి దూరమవుతుందో కూడా పిల్లలకు చెప్పడం పెద్దల బాధ్యత. గోళీ గోళీకి తగిలితేనే తిరుగుతుంది. ఆల్ఫా కణమైతే కేంద్రకాన్ని తాకకుండానే, ధనావేశాల వికర్షణ వల్ల దూరం నుంచే వంగుతుంది. అందుచేత రూథర్‌ఫర్డ్‌కు దొరికినది కేంద్రకం కొలత కాదు, ఆల్ఫా కణం ఎంత దగ్గరికి పోగలదన్న హద్దు. అది సెంటీమీటరులో లక్ష కోట్లవ వంతులు మూడింటికి కొంచెం పైన. పరమాణువు పరిమాణమేమో సెంటీమీటరులో పది కోట్లవ వంతు. నేటి కొలతల ప్రకారం బంగారు కేంద్రకం అంతకంటే చిన్నది, పరమాణువులో దాదాపు ఇరవై వేలవ వంతు. మన గోళీని కేంద్రకమనుకుంటే పరమాణువు 300 మీటర్లకు పైగా విస్తరిస్తుంది, అంటే మెరీనాలో రోడ్డు వైపు నుంచి అలల దాకా ఉన్న ఇసుక సగటు వెడల్పు అంత. సాయంత్రం అక్కడికి వెళ్ళినప్పుడు ఇసుకలో ఒక గోళీ ఉంచి, పిల్లలను నీళ్ళ దాకా నడిపించండి. మన అట్ట కింద మూడింట ఒక వంతు గోళీలు ఎందుకు తగిలాయి, బంగారంలో అన్ని వేలలో ఒకటే ఎందుకు తిరిగిందన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది.

గోళీలు కేంద్రకం గురించే చెబుతాయి. బయటి ఎలక్ట్రాన్ల సంగతి కాంతి చెబుతుంది. చెప్పుల అట్టపెట్టె ఒక చివర రెండు అట్టముక్కల అంచుల మధ్య సన్నని చీలిక వదిలి, లోపల ఎదురు చివర పాత సీడీని వాలుగా నిలబెట్టి, పైమూతకు కన్ను ఆనేంత రంధ్రం చేసి, రంగులు కనిపించేదాకా సీడీ వాలు సవరించుకోవాలి. ఎల్‌ఈడీ బల్బుకు రంగులన్నీ కలిసిన పట్టీ కనిపిస్తుంది, పాత సీఎఫ్‌ఎల్ బల్బుకు విడివిడి గీతలు కనిపిస్తాయి. వంటగదిలో దీపం ఆర్పి, పెద్దవారు తడి చెంచాతో ఉప్పును నీలిమంటలో పెడితే సోడియం పసుపు గీత ఒక్కటే మెరుస్తుంది. ఫ్యాను కట్టేయడం మరచిపోవద్దు. సూర్యుడి వైపు మాత్రం ఈ పెట్టెను ఎన్నడూ తిప్పకూడదు. ప్రతి మూలకం తనవే అయిన గీతలను ఎందుకు ఇస్తుందన్నదానికి 1913లో నీల్స్ బోర్ హైడ్రోజన్‌తో మొదలుపెట్టి జవాబిచ్చాడు: ఎలక్ట్రాన్‌కు కొన్ని నిర్దిష్టమైన శక్తిస్థాయులే ఉంటాయి, ఒకదాని నుంచి మరొకదానికి దిగినప్పుడు ఆ తేడా కాంతిగా వెలువడుతుంది.

ఆ పసుపు గీతకు మన నేలతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. ఆనాడు సూర్యుని అంచున కనిపించిన పసుపు గీత సోడియం గీతకు అతి సమీపంలోనిదే గాని అది కాదు. అది కొత్త మూలకమని ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు లాకియర్ భావించాడు, హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సే దానిని భూమిమీద ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టాడు. ఆ తరువాత రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ అతి పలుచని గాజుగోడ గుండా ఆల్ఫా కణాలను పంపి, అవతల పోగుచేసి చూస్తే, వాటి కాంతిలో హీలియం గీతలే కనిపించాయి. బంగారు రేకును ఢీకొన్న కణం హీలియం కేంద్రకమే. నుంగంబాక్కంలో ఆ పాత నక్షత్రశాల రాతిస్తంభం ఇప్పటికీ ఉంది, దానిమీద తెలుగులో చెక్కిన శాసనం కూడా ఉంది.

చివరి పని, కేంద్రకంలో ప్రోటాన్‌తో పాటు ఉండే న్యూట్రాన్‌ది, పది నిమిషాలలో అయిపోతుంది. 1932లో జేమ్స్ చాడ్విక్ ఎదుట ఉన్న చిక్కు ఏమిటంటే, ఆవేశం లేని ఆ కణం తెరమీద గానీ మరే పరికరంలో గానీ తనంతట తాను జాడ ఇవ్వదు. అది మైనంలోని హైడ్రోజన్ కేంద్రకాలను ఢీకొట్టి బయటికి నెట్టితే, అవే కనిపిస్తాయి. అట్ట కింద అవతలి అంచుకు దగ్గరగా, ఈసారి అతికించకుండా, ఒక చిన్న గోళీ ఉంచి, ఇవతలి నుంచి మరో చిన్న గోళీని సూటిగా పంపండి. దాచినది వేగంగా బయటికి దూకుతుంది. తరువాత దాని స్థానంలో పెద్ద గోళీ ఉంచి అదే ఎత్తు నుంచి పంపితే అది నెమ్మదిగా దొర్లుతుంది. చాడ్విక్ కూడా హైడ్రోజన్ కేంద్రకం ఎంత వేగంతో ఎగిరింది, నైట్రోజన్ కేంద్రకం ఎంత వేగంతో ఎగిరింది అని పోల్చి, కనిపించని ఆ కణం ద్రవ్యరాశి ప్రోటాన్‌తో దాదాపు సమానమని తేల్చాడు. పిల్లలకు బయటికి వచ్చిన గోళీలను మాత్రమే చూపి, లోపలికి పంపినది చిన్నదో పెద్దదో చెప్పమనండి. ఆ రెండు వేగాలనూ చార్టు కాగితంమీద రాయించి, అట్టను అలాగే ఉంచి, పిల్లలు పక్కగదికి వెళ్ళాక గోళీలు తీసేయండి.