మొదటి మ్యాచ్ చూసి పడుకోకండి: నల్గొండలో కూర్చుని యూరప్ హ్యాండ్‌బాల్ కప్‌ని ఫాలో అవ్వడం ఎలా

స్కూల్లో పీఈటీ సార్ గోల్ ముందు సున్నంతో డీ గీయించి, మట్టి గ్రౌండ్‌లో మోకాళ్లు చెక్కుకుపోయేదాకా హ్యాండ్‌బాల్ ఆడించిన బ్యాచ్ మనలో చాలామందే ఉన్నాం, ఇటు దేవరకొండ, మిర్యాలగూడ నుంచి అటు జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దాకా. ఆట ఎప్పుడో ఆగిపోయింది, పెళ్లిళ్లయ్యాయి, పొట్టలొచ్చాయి. 2023లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ పెట్టి అందులో తెలంగాణ టాలన్స్ అని టీమ్ దించినప్పుడు మాత్రం వాట్సాప్‌లో పాత దోస్తులందరూ ఒక్కసారి లేచి కూర్చున్నారు. ఆ తర్వాత మళ్లీ ఏం చూడాలో తెలీదు. ఏం చూడాలో, ఎట్లా చూడాలో చెప్తా. యూరప్ మగవాళ్ల క్లబ్ కప్పులు నేను కొన్నేళ్లుగా రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకుని చూస్తున్నా, మొదట్లో చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే చాలు.

ముందు ఏ కప్పు అనేది తేల్చుకోండి. యూరోపియన్ హ్యాండ్‌బాల్ ఫెడరేషన్, అంటే ఈహెచ్ఎఫ్, ఆఫీసు వియన్నాలో ఉంది, వాళ్లు మూడు అంతస్తుల్లో క్లబ్ పోటీలు నడుపుతారు. పైన ఛాంపియన్స్ లీగ్, బార్సిలోనా, మాగ్డెబర్గ్, వెస్ప్రేమ్ లాంటి డబ్బున్న క్లబ్బులు అక్కడే. మధ్యలో యూరోపియన్ లీగ్. కింద యూరోపియన్ కప్. కొత్తవాళ్లందరూ నేరుగా ఛాంపియన్స్ లీగ్‌లో దూకి, గ్రూపులో ఏ టీమ్‌కి ఎన్ని పాయింట్లో అర్థంకాక నెలలోపే వదిలేస్తారు. నా మాట విని కింది అంతస్తు నుంచి మొదలుపెట్టండి. యూరోపియన్ కప్‌లో గ్రూపులు లేవు, పాయింట్ల పట్టిక లేదు. ఇద్దరు తలపడతారు, చెరో ఊళ్లో ఒక్కో మ్యాచ్, రెండూ కలిపి ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్లు పైకి, ఓడినవాళ్లు ఇంటికి. ఫైనల్ కూడా అంతే, రెండు మ్యాచ్‌లు. మిగతా రెండు పోటీల్లో చివరికి మిగిలిన నాలుగు జట్లను ఒకే ఊళ్లో చేర్చి వీకెండ్‌లో తేల్చేస్తారు (ఛాంపియన్స్ లీగ్‌ది జర్మనీలోని కొలోన్‌లో జరుగుతుంది, అదో జాతర). కింది కప్పుకి ఆ హంగామా లేదు కాబట్టే నాకు నచ్చుతుంది.

పాత రిజల్ట్స్ వెతికేటప్పుడు ఈ కప్పు దొరక్కపోతే కంగారుపడకండి, పేర్లు మారాయి. 1993-94లో సిటీ కప్ అని మొదలైంది, 2000 నుంచి ఛాలెంజ్ కప్ అయింది, 2020-21 సీజన్ నుంచి యూరోపియన్ కప్. అదే కప్పు, బోర్డు మార్చారు.

ఇక క్యాలెండర్. మనకు బతుకమ్మ హడావుడి మొదలయ్యే రోజుల్లో వాళ్ల సీజన్ మొదలవుతుంది, ఇంట్లో ఆవకాయ జాడీలు నిండే మే నెలలో ఫైనల్. మొదటి రౌండ్లన్నీ డిసెంబర్‌లోపు అయిపోతాయి. జనవరిలో ఏమీ ఉండదు, ఎందుకంటే దేశాల జట్ల పెద్ద టోర్నీ, ఒక ఏడాది యూరో అయితే ఇంకో ఏడాది వరల్డ్ కప్, ఆ నెలలోనే పెడతారు, క్లబ్ ఆటగాళ్లందరూ అటు పోతారు. ఫిబ్రవరి నుంచి మళ్లీ నాకౌట్ ఊపందుకుంటుంది, చివరి 16, క్వార్టర్స్, సెమీస్.

టైం సంగతి దగ్గర నేను మస్తు దెబ్బలు తిన్నా, కొంచెం శ్రద్ధగా చదవండి. ఫోన్‌లో వరల్డ్ క్లాక్ తెరిచి మూడు ఊర్లు పెట్టుకోండి: వియన్నా, ఏథెన్స్, ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్. వియన్నా టైం నడిచే దేశాల్లో, అంటే జర్మనీ, నార్వే, సెర్బియా, ఇట్లాంటి చోట్ల, సాయంత్రం 7 గంటల మ్యాచ్ అంటే చలికాలంలో మనకు రాత్రి 11:30. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అక్కణ్నుంచి అదే 7 గంటలు మనకు 10:30 అవుతుంది. అక్టోబర్ ఆఖరి ఆదివారం మళ్లీ వెనక్కి. ఈ ఒక్క గంట తేడా తెలీక నేను ఒక ఏప్రిల్‌లో పదకొండున్నరకి తాపీగా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే అక్కడ సెకండాఫ్ సగం అయిపోయింది. గ్రీస్ వాళ్ల మ్యాచ్‌లు మనకు బంగారం, ఏప్రిల్, మే నెలల్లో అక్కడ సాయంత్రం 6 అంటే మనకు రాత్రి 8:30, అన్నం తింటూ చూడొచ్చు. ఐస్‌లాండ్ వాళ్లు అసలు గడియారమే జరపరు, అక్కడ రాత్రి 7:30 అంటే ఏడాది పొడుగునా మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. తెల్లారి డ్యూటీ ఉంటే ఆ పని పెట్టుకోకండి. చాలా మ్యాచ్‌లు ఈహెచ్ఎఫ్ వాళ్ల సొంత స్ట్రీమింగ్ ఈహెచ్ఎఫ్ టీవీలో వస్తాయి, కొన్ని క్లబ్బులు వాళ్లే యూట్యూబ్‌లో వేస్తారు, ఏదీ లేకపోతే ఈహెచ్ఎఫ్ సైట్‌లో ఆ మ్యాచ్ పేజీ తెరిచి స్కోరు చూస్తూ కూర్చోవడమే.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. రెండు మ్యాచ్‌ల పోరుని ఎట్లా చదవాలి?

2024లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్. ఫ్రాన్స్‌లో మాంట్‌పెల్లియర్ వాళ్లు జర్మనీ క్లబ్ కీల్‌ని 39-30తో ఉతికేశారు. తొమ్మిది గోల్స్. నేను అది చూసి పడుకుని, తెల్లారి గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ నలుగురి ముందు "కీల్ పని ఖతం" అని డిక్లేర్ చేసి, మిర్చి బజ్జీల పందెం కూడా కాసిన. వారం తర్వాత కీల్ సొంతూళ్లో 31-21తో గెలిచింది. కూడి చూడండి: 61-60. ఒక్క గోల్ తేడాతో కీల్ పైకి పోయింది, బజ్జీల బిల్లు నేను కట్టిన. ఆ రోజు నుంచి మొదటి మ్యాచ్ అయిపోగానే "హాఫ్ టైం" అని పైకే అనుకుంటా. మీరూ అట్లనే అనుకోండి, అది 120 నిమిషాల ఆట, మధ్యలో వారం గ్యాప్, అంతే.

దానికి నేను చేసేది చాలా చిన్న పని. పిల్లల రఫ్ నోట్‌బుక్‌లో ఒక్కో పోరుకి ఒక పేజీ. మొదటి మ్యాచ్ స్కోరు పైన రాస్తా. రెండో మ్యాచ్ మొదలయ్యే ముందు, వెనకబడిన జట్టు పేరు పక్కన ఎన్ని గోల్స్ అప్పుందో పెద్దగా రాసి గుండ్రం చుడతా. ఆట నడుస్తుంటే ఐదేసి నిమిషాలకు ఒకసారి ఆ అప్పు ఎంతకొచ్చిందో కింద రాసుకుంటూ పోతా. హాల్లో బోర్డు మీద కనిపించే స్కోరు మిమ్మల్ని మోసం చేస్తుంది, నోట్‌బుక్ చేయదు. 2024 యూరోపియన్ కప్ ఫైనల్ నా దగ్గర ఇప్పటికీ ఉంది: వాలుర్, ఐస్‌లాండ్ క్లబ్, సొంత గడ్డ మీద ఒలింపియాకోస్‌ని 30-26తో కొట్టింది. కాబట్టి గ్రీస్‌లో రెండో మ్యాచ్‌కి ఒలింపియాకోస్ పక్కన "అప్పు 4". మ్యాచ్ అయిపోయేసరికి బోర్డు మీద ఒలింపియాకోస్ 31, వాలుర్ 27. మామూలుగా చూసేవాడికి ఒలింపియాకోస్ గెలిచినట్టే. నా పేజీలో మాత్రం అప్పు సున్నా, 57-57. ఇట్లా సమమైతే ఎక్స్‌ట్రా టైం లేదు, నేరుగా పెనాల్టీలు, అంటే ఏడు మీటర్ల గీత నుంచి చెరో ఐదు. వాలుర్ 5-4తో కప్పు ఎత్తుకుపోయింది.

పాత సీజన్లు చూసేవాళ్లకి ఇక్కడ ఒక ముచ్చట. ఇంతకుముందు మొత్తం సమమైతే బయట ఊళ్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లే గెలిచినట్టు లెక్క. ఆ రూల్ ఉండి ఉంటే వాలుర్ బయట 27, ఒలింపియాకోస్ బయట 26, పెనాల్టీల టెన్షనే లేకుండా వాలుర్ గెలిచేది. ఇప్పుడు ఆ రూల్ తీసేశారు. కాబట్టి పాత స్కోర్లలో కూడితే సమానంగా ఉండి కూడా ఒకరు పైకి వెళ్లినట్టు కనిపిస్తే తప్పు ప్రింటయిందని అనుకోకండి.

ఎన్ని గోల్స్ ఆధిక్యం ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు అని అడుగుతారు. హ్యాండ్‌బాల్‌లో రెండు జట్లూ కలిసి సుమారు నిమిషానికి ఒక గోల్ కొడతాయి, ఫుట్‌బాల్ లెక్కలు ఇక్కడ పనికిరావు. నా అంచనాలో సొంతూళ్లో రెండు, మూడు గోల్స్ ఆధిక్యం అంటే ఏమీ లేనట్టే, ఒక్క టూ మినిట్స్ సస్పెన్షన్‌లో (తప్పు చేసిన ఆటగాణ్ని రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు) ఎగిరిపోతుంది. ఐదు, ఆరు ఉంటే కొంచెం ఊపిరి. పది దాటితే చాయ్ పెట్టుకోవచ్చు, కానీ బజ్జీల పందెం వద్దు.

ఒక్కోసారి రెండు మ్యాచ్‌లూ శని, ఆదివారాల్లో ఒకే హాల్లో జరుగుతాయి, మీరు షెడ్యూల్ చూసి ఏదో తప్పనుకుంటారు. తప్పేం కాదు. ఇవి చిన్న క్లబ్బులు, రెండుసార్లు విమానం ఖర్చు పెట్టుకోలేవు, అందుకని ఇద్దరూ ఒప్పుకుని ఒకే చోట కానిచ్చేస్తారు. అబ్బాయి తరఫు, అమ్మాయి తరఫు కలిసి ఒకే ఫంక్షన్ హాల్లో పెళ్లి, రిసెప్షన్ రెండూ చేసినట్టు. కాగితం మీద ఒక రోజు ఒకరు, రెండో రోజు ఇంకొకరు హోం టీమ్, కేకలు మాత్రం రెండు రోజులూ ఒకరికే. అట్లాంటి పోరులో వచ్చిన జట్టు మొదటి రోజు తక్కువ తేడాతో ఓడినా పెద్ద ఆశ పెట్టుకోకండి.

క్లబ్బుని ఎంచుకోవడం మీ ఇష్టం, కానీ ఒక్కటే ఎంచుకోండి, అది ఓడిపోతే దాన్ని ఓడించిన జట్టు వెంట పోండి. అట్లా పోతే ఫైనల్ దాకా ఏదో ఒక జట్టు మీ చేతిలో ఉంటుంది, సీజన్ అంతా ఒక దారం మీద నడుస్తుంది. నాకు చిన్న ఊళ్లంటే పిచ్చి. 2022లో గెలిచిన నేర్బో అనేది నార్వేలో పదివేల జనం కూడా లేని ఊరు, మన మండల కేంద్రాలంత కూడా ఉండదు. మరుసటి ఏడాది కూడా ఫైనల్‌కి వచ్చి సెర్బియా క్లబ్ వోయ్‌వోదినా చేతిలో ఓడింది. వాలుర్ సంగతి చూస్తే ఐస్‌లాండ్ దేశం మొత్తం కలిపినా నాలుగు లక్షల జనం లేరు, మన ఉమ్మడి నల్గొండ జిల్లా 2011 లెక్కల్లోనే 34 లక్షలు దాటింది. 2025లో గెలిచినది ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే క్లబ్, పేరు అల్కలాయిడ్, అక్కడి మందుల కంపెనీ పేరే. మొదటిసారి విన్నప్పుడు కెమిస్ట్రీ క్లాసు గుర్తొచ్చింది.

చూస్తూ ఉంటే రూల్స్ అవే వస్తాయి, మనం ఆడినప్పటికీ ఇప్పటికీ మారినవి రెండు మాత్రం ముందే తెలుసుకోండి. ఒకటి, గోల్ కొట్టే ప్రయత్నం చేయకుండా బంతిని తిప్పుతూ టైం పాస్ చేస్తే రిఫరీ చెయ్యి పైకెత్తుతాడు. అక్కణ్నుంచి నాలుగు పాసుల్లో షాట్ కొట్టాలి, ఇదివరకు ఆరు ఉండేవి, 2022లో తగ్గించారు. కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ చూసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. అప్పు తీర్చేసి ఆధిక్యంలోకి వచ్చిన జట్టు చివరి ఐదు నిమిషాల్లో ఎట్లా ఆడుతుందో చూడాలంటే రిఫరీ చెయ్యి చూడండి. రెండోది, గోల్‌కీపర్‌ని బయటికి లాగేసి, ముందు ఆడే ఆరుగురికి తోడు ఏడో ఆటగాణ్ని దింపుతారు. మా పీఈటీ సార్ చూస్తే విజిల్ విసిరికొట్టేవారు. వెనకబడ్డ జట్లు దీన్ని తెగ వాడతాయి, బంతి పోయిందంటే మాత్రం అవతలివాడు సొంత డీ దగ్గర్నుంచే ఖాళీ గోల్‌లోకి విసిరేస్తాడు, రెండు నిమిషాల్లో మూడు గోల్స్ పోవడం అట్లానే. ఒక్కో జట్టుకి మూడు టైమౌట్లు, ఒక హాఫ్‌లో రెండుకి మించి తీసుకోకూడదు. అప్పు ఉన్న కోచ్ చివరి ఐదు నిమిషాలకి ఒకటి దాచుకున్నాడా లేదా అనేది కూడా నేను పేజీ మూలన గీత గీసి రాసుకుంటా.

ఇదంతా చూసి ఊపొచ్చి మేం కూడా పక్క మండలం కుర్రాళ్లతో ఇట్లాంటిదే పెట్టుకున్నాం, మా గ్రౌండ్‌లో ఒకటి, వాళ్ల గ్రౌండ్‌లో ఒకటి. మాది మట్టి, వాళ్లది మట్టి మీద గులకరాళ్లు. మా దగ్గర మేం 22-19, వాళ్ల దగ్గర వాళ్లు 18-15. మొత్తం సమం. ఇప్పుడేంటి అన్నారు. మేం బయట ఊళ్లో 15 కొట్టాం, వాళ్లు 19 కొట్టారు, కాబట్టి వాళ్లు పాత రూల్ అన్నారు, మేం పెనాల్టీలు అన్నాం, అర గంట లొల్లి, చీకటి పడింది, కప్పు ఇప్పటికీ ఆ రోజు అంపైరింగ్ చేసిన అన్న బైక్ డిక్కీలోనే ఉంది. మీరు పెట్టుకుంటే మాత్రం సమమైతే ఏంటి అనేది మొదటి మ్యాచ్‌కి ముందే తెల్ల కాగితం మీద రాసి, రెండు జట్ల కెప్టెన్లతో సంతకాలు పెట్టించండి.